ప్రభువు బల్ల, ఊరి బావి

బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య స్మృతిలో ఏర్పాటైన సభ ఇది. ఆ పేరుమీద మాట్లాడేవారు తేలిక మాటలు మాట్లాడరాదు. ఆ ఎరుకతోనే మొదలుపెడుతున్నాను.

అజరయ్య తెలుగువాడు కాదు. తిరునల్వేలి ప్రాంతంలోని ఒక పల్లెలో 1874లో పుట్టారు. 1909లో నైజాం ఇలాకాలోని దోర్నకల్‌కు మిషనరీగా వచ్చి తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్ కెథడ్రల్‌లో బిషప్‌గా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ స్థానానికి వచ్చిన తొలి భారతీయుడాయన. 1945 జనవరి 1న కన్నుమూసేనాటికి దోర్నకల్ డయాసిస్ విశ్వాసుల సంఖ్య రెండు లక్షలు దాటింది. వారిలో అత్యధికులు మాల మాదిగ పల్లెలవారు, సొంత భూమి లేని కూలీలు. ఆయన పేరు చెప్పగానే 1939లో ప్రతిష్ఠ జరిగిన దోర్నకల్ ఎపిఫనీ కెథడ్రల్ గుర్తుకు రావడం సహజం. నాకు మాత్రం ఆయన ఆరాధనలో చేయించిన ఒక చిన్న క్రియ ముందు గుర్తుకొస్తుంది. బాప్తిస్మం పొందినవారు ఎవరి తలమీద వారే చెయ్యి పెట్టుకుని, సువార్తను ప్రకటిస్తామని అపొస్తలుడైన పౌలు తరహాలో పదిమంది ముందు ప్రమాణం చేయాలి. మునసబు ఎదుట నోరు మెదిపే అలవాటు లేని పాలేరు, ఫలానావాడి పెళ్ళామని తప్ప తన పేరుతో ఎవరూ పిలవని కూలి మనిషి, తన నోటితో తన మాట ఇవ్వడమది. ఆ తలలమీద అంతవరకూ ఉన్నవి మోపులూ గంపలూ.

ఆ క్రియ ఆరాధనా, న్యాయమా అని విడదీసి అడిగితే నేను జవాబు చెప్పలేను. ఈ సాయంత్రం నా వాదమంతా ఆ చెప్పలేకపోవడం మీదే నిలబడి ఉంది. ఆరాధన ముగించుకుని, ఆశీర్వాదం అందుకుని, ఆ తరువాత న్యాయం కోసం లోకంలోకి వెళ్ళాలని మన ప్రసంగాలు చెబుతాయి. మంచి మాటే. కాని తెలుగు నేలమీద జరిగింది వేరు. ఇక్కడ ఆరాధనే తగాదా తెచ్చింది. ఆరాధన దినం, బాప్తిస్మపు నీరు, ప్రభువు బల్ల, కానుక, వీటిలో ప్రతి ఒక్కటీ ఊరి కట్టుబాటుతో ఢీకొంది. ఆ తగాదా సద్దుమణిగిన చోటల్లా ఆరాధన కూడా చప్పబడింది.

లేఖనాల సంగతి క్లుప్తంగా చెబుతాను, మీకు తెలియనివి కావు గనుక. ఆమోసు ప్రవక్త ఆరాధనకు విరోధి అన్న అభిప్రాయం ఒకటి ప్రచారంలో ఉంది. ఆయన గ్రంథం ఎనిమిదో అధ్యాయం చదివితే అసలు ఫిర్యాదు తేటపడుతుంది. విశ్రాంతిదినం ఎప్పుడు గడుస్తుందా, కొట్టు ఎప్పుడు తెరుద్దామా అని ఎదురుచూసే ధాన్యం వర్తకులు ఆయనకు కనిపించారు. వారు గుడికి వచ్చారు, పాటలు పాడారు. పాడుతూనే కొలమానం తగ్గించడం గురించీ, తూకపు రాయి పెంచడం గురించీ ఆలోచించారు. ప్రవక్త ఒకే మనిషి మనసులో గుడినీ కొట్టునూ పక్కపక్కన చూశాడు. యెషయా యాభై ఎనిమిదో అధ్యాయం మరింత సూటిగా ఉంటుంది: ఉపవాసమున్న రోజునే పనివాళ్ళ చేత కఠినంగా పని చేయించుకునే యజమానుల సంగతి అది. శ్రమకాలంలో నలభై రోజులు ఉపవాస కూటాలు పెట్టుకునే మన సంఘాల్లో ఆ అధ్యాయం ఏటా చదువుతాం. ఆ రోజుల్లో మన ఇళ్ళలో అంట్లు తోమే మనిషికి ఒక్క పూటైనా సెలవు దొరుకుతుందా అన్న ప్రశ్న మాత్రం కూటంలో వినపడదు.

తొలి శతాబ్దాల సంఘానికి ఆరాధన వేరు, న్యాయం వేరు అన్న ఈ విభజన తెలియదు. రోమా నగరంలో క్రీస్తుశకం 155 ప్రాంతంలో జస్టిన్ అనే విశ్వాసి చక్రవర్తికి ఒక విన్నపం రాశాడు. ఆదివారం ఆరాధన ఎలా జరుగుతుందో బయటివారికి వివరించిన అతి ప్రాచీన వర్ణనల్లో అదొకటి. లేఖన పఠనం, ప్రసంగం, ప్రార్థన, రొట్టె, ద్రాక్షారసం. ఆ వరుసలోనే కలిగినవారు తెచ్చిన కానుక అధ్యక్షుడి దగ్గర చేరడం, దానితో అనాథలను, విధవరాండ్రను, రోగులను, చెరలో ఉన్నవారిని, పరదేశులను ఆదుకోవడం. చెర, ఆకలి అన్నవి ఆరాధన క్రమంలోనే ఉన్నాయి. 390లో థెస్సలొనీకలో జనాన్ని ఊచకోత కోయించిన థియోడోసియస్ చక్రవర్తికి మిలాను బిషప్ అంబ్రోసు ప్రభువు బల్లను నిరాకరించాడు, పశ్చాత్తాపం చూపేవరకూ. సామ్రాజ్యానికి సేనలున్నాయి, బిషప్ చేతిలో ఉన్నది బల్ల ఒక్కటే.

ఒంగోలు దగ్గర కాస్త నిలవాలి. మన చరిత్రలో ఈ విషయం అక్కడ తెరిచిన పుస్తకంలా ఉంది.

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలు చేరారు. 1867 జనవరి 1న ఎనిమిది మంది సభ్యులతో సంఘం ఏర్పడింది. తాళ్ళకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ తోలు వ్యాపారి విశ్వాసంలోకి రావడంతో ఆ కులం పల్లెలు కదిలాయి. వారిని చేర్చుకుంటే తాము రామని పై కులాలవారు స్పష్టంగానే చెప్పారు. ఎవరిని ఎంచుకోవాలన్న ప్రశ్న వచ్చినప్పుడు, లోకం నీచులుగా చూసినవారిని దేవుడు ఏర్పరచుకున్నాడన్న కొరింథీ పత్రిక మాట తనకూ తన భార్యకూ వేరువేరు గదుల్లో ఒకే సమయాన ఎదురైందని క్లౌ చెప్పుకున్నారు. దాన్ని దైవసంకల్పమనండి, కాకతాళీయమనండి. ఆ తరువాత ఆయన పెట్టిన నిబంధనలు నా దృష్టిలో అంతకన్నా ముఖ్యం. అవి మూడు: ఆదివారం పని చేయరాదు, చచ్చిన గొడ్డు మాంసం తినరాదు, విగ్రహాలకు మొక్కరాదు.

ఈనాడు చదివితే ఇవి ఎక్కడో పుట్టిన మతాచారపు కట్టడిలా కనిపిస్తాయి. ఆనాటి ఊళ్ళోకి వెళ్ళి చూడండి. బావుల్లోంచి నీరు తోడే తోలు బానలు కుట్టాలన్నా, చెప్పులు కావాలన్నా, చచ్చిన పశువును లాగివేయాలన్నా, జాతరలో డప్పు కొట్టాలన్నా మాదిగవాడే రావాలి. ఇంత పనికి ఇంత కూలి అన్న లెక్క లేదు. కళ్ళం మీద దొరికేది నాలుగు గింజలు. ఎప్పుడు పిలిస్తే అప్పుడు రావాలి. వారంలో ఒక రోజు తనదన్న ఊహ ఆ బతుకులో లేదు. అలాంటి మనిషి ఒక ఆదివారం ఉదయం కరణం కబురుకు జవాబుగా, ఇవాళ మా ఆరాధన, రేపు వస్తాను అన్నాడు. జాతరకు డప్పు కొట్టనన్నాడు. ఆ ఒక్క మాటకు ఊరు ఎలా స్పందించిందో మిషన్ చరిత్రల్లో నమోదై ఉంది. బావుల దగ్గరికి రానివ్వలేదు. పనులు ఆపేశారు. దొంగ కేసులు పెట్టారు. దెబ్బలు కొట్టారు. విశ్వాసులు ఒంగోలుకు నడిచి వచ్చి మొరపెట్టుకుంటే క్లౌ అధికారుల దగ్గరికీ కోర్టులకూ తిరిగారు.

వెట్టిచాకిరీ వ్యవస్థలో ఆ పల్లెలకు దొరికిన మొదటి సెలవు దినం ఆరాధన దినమే. ఇది ఏ కార్మిక చట్టమూ ఇచ్చింది కాదు. చాకలి, పాలేరు, తోలుపని మనిషి తమ కాలం మీద తమకు హక్కుందని ప్రకటించడానికి వాడుకున్న మొదటి సాధనం, ప్రార్థనకు కూర్చోవడం. చచ్చిన గొడ్డు విషయమూ అంతే. ఆ మాంసం కూలిలో భాగంగా లెక్కకు వచ్చేది. అది వద్దన్నవాడు, పనికి గౌరవమైన కూలి మరో రూపంలో కావాలన్నట్టే.

1876 నుంచి 1878 దాకా సాగిన దాతు కరువు ఈ కథను మరింత లోతుకు తీసుకెళ్ళింది. బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడు మైళ్ళ పైచిలుకు పనిని క్లౌ కాంట్రాక్టుకు తీసుకున్నారు. సంఘ బోధకులే పని అజమాయిషీ చేశారు. మట్టి మోసినవారికి కూలి చేతికి అందింది. కాలువ గట్టున సాయంత్రాలు వాక్యం వినిపించింది. అయినా ఆ కరువు కాలంలో పదిహేను నెలలపాటు ఆయన బాప్తిస్మాలు ఆపివేశారు. తిండి కోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకూడదన్నది ఆయన పట్టుదల. కరువు సహాయం ముగిశాకే 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2222 మంది బాప్తిస్మం పొందారు. మన పుస్తకాలన్నీ ఈ అంకెను పండుగలా చెప్పుకుంటాయి. నేను వరుసను గమనించమంటాను: ముందు కూలి, తరువాత నీళ్ళు. క్లౌ దొరతనంలో పెద్దరికపు పోకడ ఉందనే విమర్శ న్యాయమైనదే. కాని ఆ వరుసను పాటించిన సంఘాలు మన కాలంలో ఎన్ని ఉన్నాయో చెప్పడం కష్టం.

ఇప్పుడు బల్ల. అసలు పరీక్ష ఇక్కడే.

కొరింథు సంఘంలో కలిగినవారు ముందే వచ్చి తిని తాగేవారు. పని ముగించుకుని ఆలస్యంగా వచ్చే బీదలకు ఏమీ మిగిలేది కాదు. పౌలు దాన్ని ప్రభువు భోజనమని పిలవడానికి కూడా ఒప్పుకోలేదు. రొట్టె సరైనదే, ప్రార్థన సరైనదే; ఆలస్యంగా వచ్చిన కూలివాడి ఖాళీ కడుపు ఆ సంస్కారాన్ని చెల్లకుండా చేసింది. మన ప్రేమ విందుల్లో మొదటి బంతి ఎవరిది, ఆఖరి బంతికి మిగిలే కూర ఏది, వండినవాళ్ళు ఏ బంతిలో కూర్చుంటారు అన్న వివరాలు మీ మీ సంఘాల్లో మీరే గమనించగలరు.

బల్ల దగ్గరి చిన్న రాజీ ఎంత దూరం పోతుందో దక్షిణాఫ్రికా చూపించింది. అక్కడి డచ్ రిఫార్మ్‌డ్ సంఘపు కేప్ సినడ్ 1829లో ఒక మంచి తీర్మానం చేసింది: రంగు భేదం లేకుండా అందరూ ఒకే బల్ల దగ్గర పాలుపొందాలని. 1857లో అదే సినడ్ వెనక్కి తగ్గింది. అందరూ కలవడమే లేఖనానుసారమని ఒప్పుకుంటూనే, కొందరి బలహీనత దృష్ట్యా నల్లజాతి విశ్వాసులకు వేరుగా ఆరాధన జరపవచ్చని అనుమతించింది. ఆ బలహీనత ఎవరిదో ఊహించడం కష్టం కాదు. 1881లో వేరు సంఘమే ఏర్పడింది. 1948లో వర్ణవివక్ష ప్రభుత్వ విధానమైనప్పుడు దానికి వేదాంత సమర్థన రాసిపెట్టినవారు డచ్ రిఫార్మ్‌డ్ సంఘం పండితులే. ఆ వేరుపడిన సంఘం 1982లో బెల్హార్ విశ్వాస ప్రమాణాన్ని రూపొందించి 1986లో ఆమోదించింది. ప్రజల్ని జాతులుగా చీల్చడాన్ని రాజకీయ పొరపాటుగా సరిపెట్టలేదు; విశ్వాస విషయంగానే ఖండించింది. గుడిలో ఒక ఆదివారం సౌలభ్యం కోసం చేసిన ఏర్పాటు వంద సంవత్సరాలు తిరగకుండా ఒక దేశానికి చట్టమైంది.

మన పొరుగునా ఇదే ప్రశ్న వచ్చింది. 1833లో కలకత్తా బిషప్ డేనియల్ విల్సన్ దక్షిణాది సంఘాల్లో కులభేదం పూర్తిగా మానుకోవాలని ఆజ్ఞ పంపితే తంజావూరు, మద్రాసు సంఘాల్లో చాలామంది వెల్లాల విశ్వాసులు లేచి వెళ్ళిపోయారు. కూర్చునే చోటు, పాత్ర తాకే వరుస, ఇవే వారి అభ్యంతరాలు. అంటే ఆ పాత్ర అర్థం వారికి బాగానే బోధపడింది. తెలుగు పల్లెల్లో టీకొట్టు దగ్గర దళితులకు వేరే గ్లాసు పెట్టే ఆచారం మన తరం దాకా సాగింది. దాని పక్కన ఒకే పాత్రలోంచి వరుసగా తాగే సంస్కారాన్ని నిలబెట్టి చూస్తే, ఊరు దేనికి భయపడిందో తెలుస్తుంది.

1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. అది 1950లో వెలువరించిన సంస్కార ఆరాధన క్రమంలో ఒక ప్రాచీన క్రియ తిరిగి వచ్చింది, సమాధానం ఇచ్చిపుచ్చుకోవడం. గురువు తన చేతులతో బల్ల దగ్గరున్నవారికి ఇస్తాడు. వారు వచ్చి వరుసల్లో ఉన్నవారికి ఇస్తారు. ఇచ్చే కుడిచేయి పుచ్చుకునే కుడిచేతిని కలుస్తుంది. ఎడమచేతులు వాటిమీద మూసుకుంటాయి. అలా చివరి బెంచీ దాకా, తలుపు దగ్గర నిలబడ్డ మనిషి దాకా వెళ్తుంది. అంటరానితనం రాజ్యాంగం ద్వారా రద్దయిన సంవత్సరమే, నాలుగు చేతులు కలిసే ఈ క్రియ ఆరాధన పుస్తకంలోకి వచ్చింది. ఇంత తేటగా మన సమాజంతో మాట్లాడే అంశం ఆ పుస్తకంలో మరొకటి లేదని నా అభిప్రాయం. చాలా సంఘాల్లో అది ఇప్పుడు ఉన్నచోటు నుంచే అటూ ఇటూ తిరిగి పెట్టే నమస్కారమైపోయింది. వేగం పెరిగింది, ముట్టుకోవడం పోయింది.

నీళ్ళ ప్రస్తావన లేకుండా ఈ ఉపన్యాసం పూర్తికాదు. అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో 1985 జూలైలో, మాదిగపల్లె మంచినీళ్ళకు వాడుకునే చెరువులో భూస్వాముల ఇంటి కుర్రవాడు గేదె కుడితి కలిపిన మురికి పారబోస్తుంటే, నీళ్ళకు వచ్చిన ఒక స్త్రీ అడ్డు చెప్పింది. కొట్టబోతే చేతిలోని బిందె ఎత్తింది. మరునాడు, జూలై 17న, పల్లెమీద జరిగిన దాడిలో ఆరుగురు చనిపోయారు. మృతుల్లో బైబిలు పేర్లు పెట్టుకున్నవారున్నారు. ఒంగోలు నుంచి దూరమేమీ కాదు. గుండ్లకమ్మలో నీటిలోంచి లేచిన తరానికి వందేళ్ళ తరువాతి బిడ్డలు మంచినీళ్ళ కోసం చచ్చారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులు హతులయ్యారు. ఆ మరుసటి ఆదివారాల్లో మన ప్రార్థనా మందిరాల్లో ఎన్నింట ఈ ఊళ్ళ పేర్లు విజ్ఞాపనలో వినిపించాయో, ఎన్నింట మామూలు పాటలతో ఆరాధన సాగిపోయిందో అప్పటి సంఘ పెద్దలే చెప్పాలి. బాప్తిస్మపు నీటి గురించి గంటలకొద్దీ వాదించే వేదాంతం, చిలకరించాలా ముంచాలా అని చీలిపోయిన వేదాంతం, చెరువు నీటి దగ్గర మూగబోతే దాన్ని ఏమనాలి?

చట్టం సంగతి వేరే ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను అందులో చేర్చారు. దళిత క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రాల్లో వారు బీసీ-సీ జాబితాలో ఒక్క శాతం రిజర్వేషన్ కింద ఉన్నారు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఈ మతపరమైన పరిమితి తొలగించాలని సిఫారసు చేసింది, అమలు కాలేదు. ఆ డిమాండు న్యాయమైనది. కాని ఆ డిమాండు చేస్తున్న మన సంఘాల్లో మాల సంఘం, మాదిగ సంఘం అని ఊళ్ళో అందరికీ తెలిసిన రెండు మందిరాలు ఎదురెదురుగా ఉండటం, శ్మశానంలో వేరు వరుసలుండటం, పెళ్ళి సంబంధం దగ్గర కులం మళ్ళీ లేచి కూర్చోవడం, వీటిని దాచిపెట్టి ఢిల్లీలో ధర్నా చేస్తే ఆ డిమాండుకు బలం తగ్గుతుంది.

ఇక్కడ రెండు అభ్యంతరాలు వస్తాయని తెలుసు. ఆరాధనలోకి కూలి, నీళ్ళు, కులం తీసుకొస్తే పరిశుద్ధత పోయి రాజకీయం మిగులుతుందని పెద్దలు కొందరంటారు. ఒంగోలు విశ్వాసులు ఏ రాజకీయ పార్టీలోనూ చేరలేదు. ఆదివారం మోకరించారు, అంతే. రాజకీయం ఊరు చేసింది. రెండో అభ్యంతరం ఉద్యమాల్లో పనిచేసే మిత్రులది: పాటలూ ప్రార్థనలూ జనాన్ని నిద్రపుచ్చుతాయని. సౌండు బాక్సులు, స్టేజీ లైట్లు, కానుక వేస్తే కారు వస్తుందన్న వాగ్దానాలు చూసి ఆ మాట అంటే కాదనలేను. కాని 1980 మార్చి 24న ఎల్ సాల్వడోర్‌లో ఆర్చిబిషప్ ఆస్కార్ రొమేరోను కాల్చినవారు ఆయన్ను సంస్కార బల్ల దగ్గరే ఎంచుకున్నారు. అంతకు ముందురోజు ప్రసంగంలో ఆయన సైనికులను, చంపమన్న ఆజ్ఞను పాటించవద్దని వేడుకున్నారు. ఆ ఆరాధన ఎవరినీ నిద్రపుచ్చలేదని చంపించినవారికి తెలుసు.

అజరయ్య కానుకల గురించి ఒక పుస్తకమే రాశారు. ఆయన సంఘాల్లో స్త్రీలు వంటకు బియ్యం కొలిచేటప్పుడు ఒక పిడికెడు పక్కన తీసిపెట్టేవారు. ఇంట్లో రేపటికి ఉందో లేదో తెలియని మనిషి తీసిపెట్టిన పిడికెడు అది. ఆ బియ్యంతో నిలబడ్డ సంఘాలు నేడు కోట్ల ఆస్తులకు వారసులు. ఆ ఆస్తుల తగాదాలు కోర్టుల్లో ఉన్నాయి. పిడికెడు తీసిన తల్లి మనవరాలు చాలాచోట్ల అదే మందిరం ఊడ్చే పనిలో ఉంది. పనివాళ్ళ చేత పని చేయించుకుని బిగబట్టిన కూలి దేవుని చెవిన మొరపెడుతుందని యాకోబు పత్రిక చెబుతున్నది పొలం యజమానులకే అని మనం ఎందుకు అనుకోవాలి?

కాబట్టి ఈ సభ నుంచి తిరిగి వెళ్ళే సంఘకాపరులను, సంఘ పెద్దలను నేను కోరేది ఇంతే. మీ సంఘ కమిటీ రాబోయే సమావేశపు అజెండాలో మూడు అంశాలు చేర్పించండి. మందిరం ఊడ్చేవారికి, కాపలావారికి, బైబిలు స్త్రీలకు మనం ఇస్తున్న జీతం ప్రభుత్వం నిర్ణయించిన కనీస వేతనానికి తగ్గకుండా ఉందా. శ్మశానంలో ఎవరి సమాధికైనా కులం చూసి చోటు కేటాయిస్తున్నామా. మన ఊళ్ళో ఉన్న రెండో మందిరం వారితో కలిసి ఏడాదిలో ఒక్కసారైనా ప్రభువు బల్లలో పాలుపొందుతున్నామా. మూడింటికీ జవాబులు మినిట్స్ పుస్తకంలో రాయించండి. ఆ తరువాతి ఆదివారం, కానుక పట్టడానికి ముందు, సంఘం అంతటికీ చదివి వినిపించండి.